పుస్తకంలో లేని పడవ

అమ్మలారా, అయ్యలారా, ఇంత ఎండలో వచ్చిన మీ అందరికీ దండం. గంగకు, అదే మన గోదావరికి, ఆ ఒడ్డు నుంచి కూడా చాలామంది వచ్చారు. రాజక్క ఉంటే "ఇంతమందిని ఒక్క పడవల ఎట్ల దాటించాలె తల్లీ!" అని నవ్వేది. పది రోజుల కింద ఆమె పోయింది. మన ఊళ్లో తెడ్డు పట్టిన ఆఖరి మనిషి పోయింది.

నేను పరశురాములును. సిరిసిల్లలో మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ని. వంతెన లేని రోజుల్లో ఆ ఒడ్డు బడిలో ఇరవై రెండేళ్లు పాఠాలు చెప్పాను. భర్త పోయాక తెడ్డు పట్టిన రాజక్కే నన్ను రోజూ దాటించేది. ఒక వానకాలం గంగ ఎర్రగా పొంగింది. బడిలో తనిఖీ ఉంది, వెళ్లి తీరాలని ఆమె మీద అరిచాను. ఆమె తాడు విప్పలేదు. "ఇనస్పెట్టరు తిడితె ఒక్క పూట సార్. నువ్వు మునిగితె అమ్మగారికి నేనేం జెప్పాలె?" అని ఒడ్డు మీదే కూర్చోబెట్టి మక్కజొన్న గట్క పెట్టింది. కోపంగానే తిన్నాను. కాసేపటికి చెట్లకు చెట్లే కొట్టుకుపోవడం చూశాను.

అలాంటి మనిషికి నేనేం చేశాను? రిటైరై ఊరి చరిత్ర రాస్తానని బయలుదేరాను. పెద్ద పండితుణ్ని కదా! చేపలు పట్టేవాళ్ల వాడకు వెళ్లి, పెద్దలు చెప్పింది రాసుకున్నాను. వలలూ వాళ్లవే, మొదటి నుంచీ పడవా వాళ్లదే అని రాశాను. కోరుట్లలో అచ్చు వేయించాను. శాలువా కప్పించుకున్నాను. రాజక్క వాడలో ఒక్క గడపైనా తొక్కానా? లేదు. నన్ను రోజూ దాటించిన మనిషినే అడగలేదు!

రాజక్క మనుమరాలు లావణ్య ఆ పుస్తకం ఆమెకు చదివి వినిపించింది. మర్నాడు రాజక్క మా వాకిట్లో నిలబడింది. "సార్, గీ పుస్తకంల మా మామ ఏడి?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఎండాకాలం నీళ్లు తగ్గాక నన్ను దిగువ రేవుకు తీసుకుపోయింది. అక్కడ బండ మీద తాడు ఒరిసి పడిన గాడి ఉంది. నా వేలు అందులో పట్టింది. అది ఆమె మామ, భర్త తండ్రి దావీదు పడవ తాడు ఒరిసిన గుర్తు. చేపలు పట్టేవాళ్ల పై రేవు పడవలో దావీదు వాడ జనాన్ని ఎక్కనిచ్చేవారు కాదు. ఆ ఒడ్డున వరికోతలకు పోకపోతే ఇంట్లో గంజి లేదు. అందుకని దావీదు బూరుగు దుంగలు కట్టి తెప్ప చేశాడు, తర్వాత పడవ చేయించాడు. ఒక ఏడు పై రేవు పడవ వరదలో పోయింది. అప్పుడు ఊరంతా ఎవరి పడవ ఎక్కింది? వలలు ఎవరి పడవలో గంగ నడిమికి పోయాయి? దావీదు ఎవరినీ దిగమనలేదు. చేపలు పడ్డ రోజున వలలవాళ్లూ దావీదు ఇంటికి కూరకు సరిపడా ఇచ్చేవారు. "అవుతలి ఒడ్డు నుంచి కేకేసినోని కులం అడగద్దు బిడ్డా అని మా మామ జెప్పిండు. గదొక్కటి రాయి సార్" అంది.

రాస్తానన్నాను. నాలుగేళ్లు, అయ్యలారా! ఉన్న పుస్తకాలు అయిపోనీ అన్నాను, కంటి ఆపరేషన్ అన్నాను. ఎదురుపడ్డప్పుడల్లా "అయిందా సార్?" అనేది. "అవుతది రాజక్కా" అనేవాణ్ని. తనిఖీ కోసం వరదలోకి దిగుతానన్నవాణ్ని, ఆమె కోసం ఒక్క పేజీ రాయలేకపోయాను. సిగ్గుగా ఉంది. మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను.

మొన్న కూర్చుని రాశాను. చేపల సొసైటీ రాజం, లావణ్య కలిసి మిగిలిన పుస్తకాలన్నింటిలో ఆ పేజీ అంటించారు. "మా తాత గూడ గదే పడవెక్కిండు. మీరు అడగలే, మేం జెప్పలే" అన్నాడు రాజం. మొదటి పుస్తకం ఆమె ఫొటో ముందు పెట్టాం. ఆమెకు చదవరాదు, అందుకని లావణ్య గట్టిగా చదువుతుంది.

దానికి ముందు అందరూ లేచి, గంగ వైపు తిరగండి. అవతలి కేక వినడానికి రాజక్క చేతిలో పని ఆపి నిలబడేది. రెండు నిమిషాలు మనమూ అట్లాగే, మాట లేకుండా నిలబడదాం.

అయింది రాజక్కా. ఆలస్యంగా అయింది.