ప్లగ్గు మీది బొట్టు

“నానమ్మా, నా బండి సెల్ఫ్ పడ్తలేదు. మెకానిక్కేమొ రేపొస్త అంటుండు. తాత నడిపిన మోటర్ సైకిల్‌ను నువ్వే బాగు చేసినవని నాన్న అంటడు, నిజమేనా?”

నిజం కాకపోతె మీ నాయినకు కల పడ్డదా? నేనే చేసిన. కూసో, చెప్త. ఫోన్ల నా మాటలు పట్టుకుంటున్నవా? పట్టుకో పట్టుకో. జర దగ్గర పెట్టు, నా గొంతు ఇప్పుడు అంత లేస్తలేదు.

బండి మనది కాదు, ముందు గది ఎరుకుండాలె నీకు. పంజాగుట్టల ఒక నవాబు సాబు దేవిడి ఉండె, దేవిడంటె పెద్ద బంగ్లా, ఆయన బండి. మీ తాత దాని మీద దేవిడి చిట్టీలు తీస్కొని ఖైరతాబాదు, మాసబ్ ట్యాంకు, అటు సికింద్రాబాదు దాక పోతుండె. ఖాకీ కోటు, టోపీ, నడుముకు ఇత్తడి బిళ్ల పట్టా. అమీర్‌పేటల మోటర్ సైకిల్ నడిపేటోడు ఆయనొక్కడే. ఆగు, ఒక్కడే కాదు, ఒక దొర సుత ఉండె. గని దొర వస్తుంటె అందరు పక్కకు ఉరుకుతుండ్రి, మీ తాత వస్తుంటె నిలబడి చూస్తుండ్రి. గీ కోచింగుల బోర్డులు, నెత్తి మీదికెల్లి పోయె మెట్రో, ఏడివి అప్పుడు? మా ఇంటి ముంగట జొన్నచేను. జర్మనోళ్ల లడాయి దినాలు, పెట్రోలు చిట్టీ మీద ఇస్తుండ్రి, కిరసనాయిలుకు సుత లైను కట్టాలె. మా చిన్నక్క పెండ్లిల ఒక్క గ్యాసు బత్తితోనే… సరే, గా ముచ్చట వేరే.

నా పెండ్లయి ఆర్నెల్లు. దసరా వచ్చింది. సాబ్, బండిని ఇంటికి తీస్కపోయి పూజ చేస్కుంట అని మీ తాత అడిగిండు. నవాబు సాబు మంచోడు, తీస్కపో అన్నడు. గని దేవిడి నౌకర్ల మీద ఒక దారోగ ఉండె, ఆయనకు పట్టలే. పండుగ తెల్లారి పది కొట్టేవరకు బండి దేవిడిల ఉండాలె, లేకపోతె టోపీ, పట్టా అప్పజెప్పి ఇంట్ల కూసో అన్నడు. అన్నడంటె చేసేటోడే. అంతకుముందు ఒకని నౌకరి గట్లనే తీసిండు.

పండుగనాడు బండిని కడిగినం. మా అత్త, ఆమె కుంకుమ ముట్టకపోతుండె, మా మామ పోయినకాడికెల్లి ముట్టలే. బరిణె గూట్ల ఉన్నది, కొత్త కోడలివి, నువ్వే పెట్టు అన్నది. చక్రాలకు పెట్టిన, టాంకుకు పెట్టిన. అటెనుక ఇంజను మీద తెల్లగ నున్నగ, చాయ కప్పు లెక్క ఒకటి కనబడ్డది. ప్లగ్గు, ఇంజనుల నిప్పురవ్వ పుట్టిచ్చేది. దాని మీది పింగాణి నాకు మస్తు ముద్దొచ్చింది. పసుపు తడిపి చుట్టూత మందంగ పూసి, పైన కుంకుమ పెట్టిన. బండి మొత్తంల గదే మంచిగ కనబడ్డది.

తెల్లారి మంచు పడ్డది. మీ తాత కోటు తొడిగి కిక్కు కొట్టిండు. కాలే. ఇరవై కొట్టిండు, కాలే. పెట్రోలున్నది. ప్లగ్గు విప్పి కింది మొన గరుకు కాయితంతోని రుద్దిండు. రుద్దినంత సేపు పైన బొట్టు చెరగకుంట ఎంత పయిలంగ పట్టుకున్నడో. పండుగ బొట్టు కద, తెల్లారే చెరుపుతరా? అప్పటి బండ్లకు, ఇంజను తిరిగితె కరెంటు పుట్టిచ్చే డబ్బ ఒకటుండె, మాగ్నెట్ అంటరు, దాన్ని సుత విప్పి తుడిచిండు. లాభం లేదు. మా అత్త దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది. వాడకట్టంత దగ్గినం.

మీ తాత గడప మీద కూలబడ్డడు. “నౌకరి పోతె పోనీ, సాబు నమ్మి ఇచ్చిండు” అన్నడు. గా మాట అన్నప్పుడు ఆయన మొఖం చూడలేకపోయిన. మళ్లెవ్వనికైన పండుగకు బండి ఇస్తరా ఇగ?

కరెంటు వస్తున్నదో లేదో ఎట్ల తెలుస్తదని అడిగిన. ప్లగ్గు విప్పి, వైరు దానికే ఉంచి, ఇంజను మీద ఆనిచ్చి కిక్కు కొడితె మొనకాడ మెరుపు కనబడాలె, గీ ఎండల ఏం కనబడ్తది అన్నడు. అయితె చీకటి చేద్దాం అన్న. మా మామ నల్ల గొంగడి దండెం మీద ఉండె. బండి మీద కప్పి కిందికి దూరిన. కొట్టు అన్న, కొట్టిండు.

మొనకాడ ఏం లేదు బిడ్డా. మెరుపు పైన ఉన్నది, బొట్టు మీద. నీలంగ, సన్నగ, మంచుకు తడిసిన పసుపు మీదికెల్లి పాకి ఇంజనుల కలుస్తున్నది. మొనకు పోవాల్సిన కరెంటుకు నేను పెట్టిన బొట్టే దొంగ తోవయ్యింది.

చెప్తె మీ తాత నమ్మలే. వచ్చి చూడు అన్న. ఆయన సుత దూరిండు, నేను లోపటికెల్లే రెండు చేతులతోని కిక్కు ఒత్తిన. బయట వాడకట్టోళ్లు నవ్వుడు. కొత్త మొగుడు పెండ్లాలు పట్టపగలు వాకిట్ల ఒక్క గొంగడి కింద ఉంటిమి మరి. సిగ్గులేదా బయటికి రాండ్రి అని మా అత్త ఒకటే లొల్లి. నాకేం ఫికర్ లేదు. ఆయన సుత చూసిండు, గదే కావాలె నాకు.

ఇగ తుడవాలె. మీ తాతకు చెయ్యి రాలే. నేను కొంగు పట్టుకున్న, మా అత్త అడ్డం నిలబడ్డది.

“మొగని బండి మీది బొట్టు పెండ్లాం చెరుపుతదా?” అన్నది.

మా మామను పోగొట్టుకున్న మనిషి గా మాట అంటె ఎట్లుంటదో నువ్వే అనుకో. గని ఆయన మంచికే పెట్టిన, ఆయన మంచికే తీస్త అత్తమ్మా అన్న. తుడిచిన. పింగాణి తెల్లగ మెరిసేదాక తుడిచి, పొయ్యికాడ వెచ్చజేసి, బిగించు అన్న.

ఒక్క కిక్కు. జొన్నచేన్ల పిట్టలన్ని లేచినయ్.

మా అత్త గిర్రున తిరిగి లోపటికి పోయింది. కోపమొచ్చింది అనుకున్న. అంతల్నే బయటికొచ్చింది, చేతుల కుంకుమ బరిణె. అన్నేండ్లు ముట్టని బరిణె. మూత తీసి నా ముంగట పట్టింది.

“యాడ పెట్టాల్నో నీకే ఎరుక, పెట్టు” అన్నది.

ముందటి లైటు మీద పెట్టిన. మీ తాత పదికి ముందే దేవిడిల ఉన్నడు. మా ఇంటామె బాగు చేసింది అని దారోగ ముంగట, అందరి ముంగట చెప్పిండట. గా కాలంల మొగోడు గట్ల చెప్పుడు చిన్న ముచ్చట కాదు. తల్సుకుంటె ఇయ్యాల సుత నాకు మస్తు గర్వం. మన ఇంట్ల బండ్లకు బొట్టు లైటు మీదనే పెడ్తం, చూస్తలేవా? గందుకే.

నీ సెల్ఫ్ ఏందో నాకు తెల్వదు. గని కరెంటు ఏడనో తోవ తప్పి ఉంటది. పా, కిందికి పోయి చూద్దాం. చెయ్యి పట్టు. సల్లగుండు బిడ్డా, నీ బండి నిన్ను ఏడ నిలబెట్టొద్దు… ఆఁ, గా మంచం మీది నల్ల దుప్పటి సుత తీస్కో.