మీ అబ్బాయిలో ముగ్గురు

కాదత్తయ్యా, నేను ఇంట్లో మాట్లాడటం లేదని మీకు ఫోన్ చేసి మరీ చెప్పాడే, నేను మాట్లాడితే ఏమవుతుందో అది చెప్పాడా? చెప్పడు. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రండి.

మీ అబ్బాయి లిఫ్టుల కంపెనీలో సర్వీసు సూపర్‌వైజరు కదా. రెండు నెలల కిందట వాళ్లందర్నీ ఓ హోటల్లో కూర్చోబెట్టి ఏదో శిక్షణ ఇచ్చారు. వ్యక్తిత్వం గురించట. వెళ్లేటప్పుడు ఒక్కడే వెళ్లాడు. వచ్చేటప్పుడు ముగ్గురై వచ్చాడు.

నవ్వకండి. ప్రతి మనిషి లోపలా ముగ్గురుంటారట. ఒకరు అమ్మానాన్న. అంటే, చిన్నప్పుడు మనల్ని పెంచినవాళ్లు ఏమన్నారో, ఎలా అన్నారో, మనమూ అచ్చం అలాగే అనేస్తుంటామన్నమాట. ఇంకోడు పసివాడు. అలుగుతాడు, భయపడతాడు, గంతులేస్తాడు. మూడోవాడు పెద్దమనిషి. ఎదురుగా ఉన్నది చూసి, ఆలోచించి మాట్లాడతాడు. మనలో ఎప్పుడెవరు మాట్లాడుతున్నారో కనిపెట్టుకుంటే మన సంగతి మనకు అర్థమవుతుందట.

విని సంతోషించాను. తన సంగతి తను తెలుసుకుంటాడు కాబోలనుకున్నా. ఎక్కడ? నా సంగతి తేల్చడం మొదలుపెట్టాడు.

గ్యాసు అయిపోయింది, బుక్ చేయండి అంటే, 'ఇప్పుడు నీలోని అమ్మ మాట్లాడుతోంది' అంటాడు. రెండోసారి చెబితే, 'అదుగో, పసిపిల్ల అలిగింది' అంటాడు. మరి పెద్దమనిషి ఎలా చెబుతుందత్తయ్యా, గ్యాసు అయిపోయిందని? నేను పొద్దున్నే పళ్ల డాక్టరు క్లినిక్‌కి పరిగెత్తాలి, కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్లకి టైములివ్వాలి. ఒక్కొక్కరిలో ముగ్గురున్నా నేనివ్వగలిగేది ఒకటే కుర్చీ.

మొన్నామధ్య పాప పాలు ఒలకబోసింది. 'కళ్లు నెత్తికెక్కాయా? చేతులు విరిచి పొయ్యిలో పెడతా' అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఇప్పుడు మాట్లాడిందెవరండీ, ముగ్గురిలో, అని అడిగాను. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెప్పనా? మీరే. మాటలు మీవి, నడుం మీద చెయ్యి పెట్టుకోవడమూ మీదే. నన్నెందుకలా చూస్తారు? నేనన్నది కాదు, శిక్షణలో చెప్పిందే.

సరే, ఇంట్లో కాబట్టి నేను పడ్డాను. ఆఫీసులో ఎందుకు పడతారు? ఓరోజు మేనేజరు బల్ల గుద్ది అరుస్తుంటే, మీ అబ్బాయి చల్లగా, 'సార్, ఇప్పుడు మీలోని పసివాడు అరుస్తున్నాడు. పెద్దమనిషిని పిలవండి' అన్నాడట. అందరి ముందూ. వచ్చాడు పెద్దమనిషి. వచ్చి, బాగా ఆలోచించి, మీ అబ్బాయిని సర్వీసులోంచి తీసేసి ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు.

అవును, మీకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. తన కింద పనిచేసిన మెకానిక్ ఒకతను మా క్లినిక్‌కి పన్ను పీకించుకోవడానికొచ్చి చెప్పాడు. నేనూ తెలియనట్టే ఊరుకున్నాను. అప్పట్నుంచీ ఇంట్లో మాటల్లేవు. వస్తాడు, తింటాడు, గోడకేసి తిరిగి పడుకుంటాడు.

పోయిన వారం మా క్లినిక్ లిఫ్టు, అదీ వాళ్ల కంపెనీదే, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను. లైటు కూడా పోయింది. తడుముకుని తడుముకుని, ఆపదలో కంపెనీకి మోగే ఫోన్ బొత్తాం నొక్కి, ఎవరైనా ఉన్నారా అన్నాను. ఏడుపులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

'భయపడకండమ్మా, నేనున్నాను' అని అవతల్నుంచి.

మీ అబ్బాయి.

వాళ్లకక్కడ లిఫ్టు నంబరు తప్ప ఇంకేమీ కనబడదట. పేరడిగాడు. ఏడుస్తూనే ఉన్నాను. 'చెప్పకపోయినా పర్వాలేదు. కింద కూర్చుని వెనక్కి ఆనుకోండి. మనిషి బయల్దేరాడు, వచ్చేదాకా నేను ఫోన్ పెట్టను' అన్నాడు. పెట్టలేదత్తయ్యా. ఉండుండి 'ఉన్నారా అమ్మా' అని అడుగుతూనే ఉన్నాడు. మీకోసం ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తుంటారా, కబురు చెయ్యమంటారా అన్నాడు. ఎవరూ లేరన్నాను. 'అయ్యో' అన్నాడు. నా గురించి ఆ మనిషి అయ్యో అనడం అదే మొదలు.

ఆ మాట్లాడింది ముగ్గురిలో ఎవరో నాకు తెలియదు. ఎవరైనా గానీ, ఆ సాయంత్రం ఇంటికి మాత్రం అతను రాలేదు. వచ్చినాయన చెప్పులు విడుస్తూనే, 'ఎవరూ లేని గదిలో ఫ్యానెందుకు తిరుగుతోంది' అన్నాడు. లిఫ్టులో ఉన్నది నేనేనని చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెబితే ఆ 'అమ్మా' కూడా పోతుంది.

మీ అబ్బాయితో అనకండి. నిన్న పనయ్యాక, అందరూ దిగి వెళ్లిపోయాక, నేను లిఫ్టెక్కి తలుపులు మూసుకుని మళ్లీ ఆ బొత్తాం నొక్కాను.

లిఫ్టు బాగానే ఉందత్తయ్యా.