కోటు లోపలి మాటలు

(కుట్టు దుకాణం. అత్తగారు మిషను ముందు, కోడలు ఎదురుగా గుండీలు కుడుతూ. బళ్ళో టీచరు ఉద్యోగానికి కోడలికి రేపే పరీక్ష.)

"డియర్?"

"ప్రియమైన."

"ఫియర్?"

"భయం. కాస్త నెమ్మది, అత్తయ్యా!"

"రేపు అక్కడ నెమ్మదిగా అడుగుతారా? నియర్?"

"దగ్గర. హియర్, వినడం. ఇయర్, చెవి. అన్నిటికీ ఒకటే తోక, ఇ, ఏ, ఆర్! ఆ తోక పట్టుకుంటే చాలు, వరసగా వచ్చేస్తాయి."

"బేర్?"

"ఎలుగుబంటి. ఇంకో అర్థం, భరించడం."

"రెండిటికీ నా మొహమే చూశావెందుకే?"

"అయ్యో, నేనెక్కడ చూశాను! కాగితం లేకుండా భలే అడుగుతున్నారే మీరు!"

"అక్షరమ్ముక్క రానిదాన్ని, కాగితం నాకెందుకు? నెల రోజులుగా చెవిలో జోరీగలా వాయిస్తున్నావు, ఆ మాత్రం గుర్తుండదా? వేర్?"

"తొడుక్కోవడం. తొడుక్కో... అమ్మో! పెద్ద టీచరమ్మ కోటు! ఇస్త్రీ చేసేశారా?"

"పొద్దున్నే చేసేశా. ఎందుకలా..."

"ఎడమ పక్క లోపలి లైనింగు గుడ్డ మీద మాటలన్నీ రాసుకున్నాను! అర్థాలతో సహా! ఇచ్చేముందు బ్రష్షుతో దులిపేద్దామనుకుని..."

"పలక లేదుటే నీకు? సుద్దేగా, దులిపెయ్."

"మామూలు సుద్ద అయిపోయింది. డబ్బాలో ఉన్నది మైనం సుద్ద! వేడి తగిలితే ఇంక పోదు!"

"డబ్బాలోది మైనం సుద్దా? ఓరి దేవుడో! అయితే నాది కూ..."

"మీదేమిటి?"

"ఏం లేదు, ఏం లేదు."

"ఉద్యోగం ఇచ్చేదే ఆవిడ, అత్తయ్యా! నా పని అయిపోయింది! ఇలా ఇవ్వండి, తడిగుడ్డతో తుడుస్తా."

"కుడి పక్క తెరవకు!"

"నేను రాసింది ఎడమ పక్కండీ!"

"ఏ పక్కయినా సరే... అదిగో, ఆ టీచరమ్మే వచ్చేసింది! నవ్వు, నవ్వు!"

"కోటు అయిందామ్మా?"

"మేడమ్! రండి! కోటు... కోటుకి కొంచెం..."

"ఇదేగా? తొడుక్కుని చూస్తా. ఇదేమిటి, లోపల? డియర్, ప్రియమైన. ఫియర్, భయం..."

"తప్పయిపోయింది మేడమ్! రేపటి పరీక్షకని నేనే..."

"ఉండు, చదవనీ. ఒక్క తప్పు లేదే! చేతిలో సూది పెట్టుకుని ఇంత చదివినదానికి ఇంకా పరీక్షేమిటి? రేపు రాకు."

"రావద్దా?"

"సోమవారం రా. పాఠం చెప్పడానికి."

"అత్తయ్యా! విన్నారా! అత్తయ్యా!"

"విన్నానే! వదులు, ఊపిరాడటం లేదు!"

"సరే గానీ, కుడి పక్కన ఇవెవరు రాశారు? అవే మాటలు, అక్షరాలే కాస్త వంకర."

"కుడి పక్కనా? నేను కాదండీ. అత్తయ్యా...?"

"ఏమిటే అలా చూస్తావ్? నువ్వు బడికి పోతే పగలంతా నాకు చదువెవరు చెప్తారు? అందుకే నువ్వు ఇంట్లో ఉండగానే, నువ్వు రాసినవి చూసి దొంగచాటుగా నేర్చేసుకున్నా. మేడమ్, ఆ వంకరవాటికి ఎన్ని మార్కులు?"