కట్టిన బొటనవేళ్లు

హోసూరు ఆసుపత్రిలో, కాలి బొటనవేలి కీలు అరిగిపోయి కొత్తది వేయించుకున్న బేరిగై ఊరి రైతు మంచం మీద ఉన్నాడు. నడుము కింద ఇంకా మత్తు దిగలేదు. పక్కన భార్య.

"కీలెరిగి వాత పెట్టమంటారు. మన డాక్టరు అరిగిన కీలెరిగి కోత పెట్టినాడే! ఇంక రాగి కోతకి నేనే ముందు నడుస్తా."

"గమ్మునుండు సామీ."

"ఏమే, మొగం అట్ల మాడింది?"

"దుప్పటి ఎత్తి చూసినా. రెండు బొటనవేళ్లూ కలిపి గుడ్డతో కట్టేసినారు. మా నాయనకి పాడె మీద కట్టినట్లే."

"బతికుండంగానే సాగనంపినారా! నువ్వేం చేసినావు?"

"ముడి రాలేదు. గట్టిగా గుంజి తెంపేసినా."

"మంచి పని చేసినావు. నాకేం తెలీనే లేదు."

ఇంతలో నర్సు వచ్చి దుప్పటి ఎత్తి నిలబడిపోయింది. కొత్త కీలు పక్కకు తిరగకుండా రెండో కాలి మంచి వేలికి ఆనించి కట్టిన కట్టు అదని వార్డంతా వినేలా అరిచి, డాక్టరు కోసం పరుగెత్తింది.

"ఏమే, నా వేలు యా దిక్కుకి తిరిగుందే?"

భార్య దుప్పటి మళ్లీ కప్పింది.

"చెప్పవే."

"దక్షిణానికి."