ముందు సీటు మనిషి

కొండ ఊరికి ఎండ ఇంకా రాలేదు. నాలుగో కీమో అయి పదిహేను రోజులైన కృపావతి ఉన్నిటోపీ పెట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెతో చిన్ననాడే నేస్తరికం కట్టుకున్న సోములమ్మ రాగులతో కాచిన చోడంబలి తెచ్చింది. చెంబు కింద పెట్టిందో లేదో, దారి పొడుగునా మోసుకొచ్చిన కోపం కూడా పక్కనే దించింది. ఆ కోపానికి కారణం బొలేరో బండిలో ఒక్క సీటు.

“మళ్ళీ లెక్కెట్టు. నాకు ఇనపడేటట్టు లెక్కెట్టు.”

“ఎన్నిసార్లు సెప్పేది నేస్తం? బండి తోలీది మంగ్లు. మా ఆయన, నాను, మా అత్త, పిల్లలిద్దరు. ఆరుగురు.”

“బొలేరోకి ఏడు సీట్లు.”

“ఏడోది నాగమణి గారికి.”

“అదీ! ఆ మాట కోసమే సూత్తన్నాను. ముందు సీటేనా ఆవిడకి?”

“ఘాటీ మీద ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. ముందు కూకుంటేనే...”

“నాకూ తిరుగుతాయి.”

“నీకెప్పుడు తిరిగినాయే? లారీలో బస్తాల మీద కూకోని పాటలు పాడుకుంటా పాడేరు ఎల్లిన దానివి!”

“అప్పుడు తిరగలేదు. ఇప్పుడు తిరుగుతన్నాయి. నీ మాటలింటంటే తిరుగుతన్నాయి.”

“అంబలి గిన్నెలో పొయ్యి. సల్లారిపోద్ది.”

“మాట మార్సకు. అసలు లంబసింగి ఎందుకంట? ఏటుంది అక్కడ?”

“మంచు.”

“మంచా! ఓలమ్మో! మంచు సూడ్డానికి బండి కట్టించుకోని ఎల్తన్నారా? పొద్దున్న తలుపు తీత్తే మంచు ఇంట్లోకొచ్చి కూకుంటాది కదా మనకి. నా మేకలు కూడా సూసి సూసి ఇసిగిపోనాయి.”

“మనం సూసినాం. ఆవిడ సూళ్ళేదు. యిశాపట్నంలో పుట్టి పెరిగిన మనిషి. మొదటి కీమో నాడు మా ఇద్దర్నీ పక్కపక్క కుర్చీల్లో కూకోబెట్టినారు. సేతికి సూది గుచ్చినాక నాలుగు గంటలు ఏటి సేత్తాం? ‘మీదే ఊరు’ అన్నాది. సెప్పినాను. ‘అయితే నన్ను లంబసింగి తీసుకెళ్ళు కృపా, మాట్లాడుతుంటే నా నోట్లోంచి పొగ రావాలి’ అన్నాది. నవ్వొచ్చేసినాది నాకు. అలాగేనన్నాను.”

“నాలుగు గంటలకే అలాగేనన్నావు. నాకు ముప్పయ్యేళ్ళ నుంచి ‘సూద్దాంలే’ అంటన్నావు. మనిద్దరం సముద్రం సూడ్డానికి ఎల్దామని ఎన్నిసార్లు అనుకున్నాం?”

“కుదిరిందేటి? ఓ ఏడు ఊడుపులు, ఓ ఏడు కాపీ కోతలు, ఓ ఏడు నీ కూతురి పురుడు.”

“మరి ఆవిడకెలా కుదిరింది?”

“కుదిరించుకోవాల. కీమో అయిన పదిహేను రోజులకి రక్తం మళ్ళీ కోలుకుంటాదంట. ఐదో కీమోకి ఇంకా వారముంది. ఈ శని, ఆదివారాలు ఎల్లి రావచ్చు, జనంలో తిరక్కండి అన్నాడు డాక్టరు. ఆ తరవాత నాను ఏ తీరున ఉంటానో ఎవులు సూసినారు? పిల్లలతోటి ఎక్కడికైనా ఎల్లాలని ఉంది నేస్తం. ఆస్పత్రికి కాకుండా ఎక్కడికైనా సరే.”

“ఎల్లు. వద్దన్నదెవులు? పిల్లలతోటి ఎల్లు, మొగుడితోటి ఎల్లు, మీ అత్తనీ మోసుకెల్లు. మద్దిన ఆవిడెందుకు?”

“మాటిచ్చినాను.”

“నాకియ్యలేదా మాట? పన్నెండేళ్ళ గుంటలం. మీ అయ్య, మా అయ్య ఊరందర్నీ పిలిసి, మన సేత తాంబూలాలు మార్పించి, కొత్తబట్టలు మార్పించి నేస్తరికం కట్టినారు. మీది చర్చి, మాది కొండదేవత. ఎవులైనా అడ్డం సెప్పినారా? ఆ రోజు నుంచి నీ పేరు నా నోట్లోకి రాలేదు. నేస్తం పేరు పలికితే ఆయుస్సు తగ్గుద్దని మా అమ్మ సెప్పినాది. కోపమొచ్చినా నేస్తమే, తిట్టినా నేస్తమే. ఆవిడేమో కృపా అంటాదా! మీ ఆయన కూడా అలా పిలవడు.”

“నీకు కుళ్ళు.”

“కుళ్ళే. కాదన్నానా? కుళ్ళి సత్తన్నాను. ఆ టోపీ ఎవులిచ్చినారు?”

“ఆవిడే అల్లినాది. ఇద్దరికీ ఒకే ఉన్నితోటి.”

“సంతలో నాను కొన్న టోపీ ఏటయినాది?”

“అది గుచ్చుకుంటాది నేస్తం. బోడిగుండుకి గుచ్చుకుంటాది. నీకు తెలీదు.”

“అదే మాట! ‘నీకు తెలీదు.’ ఈ మూడు నెల్ల నుంచి అదే మాట. అన్నం సేదుగా ఎందుకుంది అంటే నీకు తెలీదు. కాళ్ళెందుకు మండుతన్నాయి అంటే నీకు తెలీదు. ఆవిడకి మాత్రం అన్నీ తెలుసు. ఊడుపుల్లో గట్టు మీద నా సెయ్యి పట్టుకోని, ఇక్కడేదో గడ్డలా ఉంది సూడు అన్నది ఎవులితోటి? నాతోటి కాదా? నీ మొగుడి కన్నా ముందు నాకు సెప్పినావు. ఆస్పత్రికి పోదాం పద అని రంకె లేసింది నాను.”

“నువ్వే. కాదన్లేదు.”

“ఇప్పుడేమో కీమో అయి రాగానే పది రోజులు నన్ను గుమ్మం దాటనివ్వరు. మీ అత్త అచ్చియమ్మ కర్రట్టుకోని కూకుంటాది, ‘దగ్గొచ్చినా తుమ్మొచ్చినా అటే పో’ అని. గిన్నె గుమ్మంలో పెట్టేసి ఎల్లిపోతన్నాను, కుక్కకి పెట్టినట్టు. ఆవిడ మాత్రం నీ పక్క కుర్చీలో కూకోని కబుర్లాడతాది.”

“ఆవిడకీ అదే మందు ఎక్కుతాది కదే!”

“అందుకే అంటన్నాను. ఆ గడ్డేదో నాకూ వచ్చుంటే...”

“నోర్ముయ్!”

“నాకూ ఓ కుర్చీ ఏసుందురు నీ పక్కన.”

“నోర్ముయ్ అన్నానా? అలాటి మాట ఇంకోసారి నీ నోటంట వచ్చిందో, ఈ సెంబెట్టి కొడతాను. తెలీక వాగుతన్నావు. అది కోరుకునే సంబడమేటి? థూ అను. ఉమ్ము.”

“ఉమ్మినాను. సాలా?”

“సాల్లేదు. ఇంకోసారి.”

“థూ. నాకు ఏడుపొత్తంది నేస్తమా. నీకు బాగోనప్పుడు నీకాడ ఉండాల్సింది నాను. ఎవుతో ఉంటంది.”

“ఉన్నావు కదా. రోజూ అంబలి ఎవులు తెత్తన్నారు?”

“అంబలి హోటలోడు కూడా ఇత్తాడు. సరే, ఓ మాటడుగుతాను. నిజం సెప్పు. ముందు రోజుకి పదిసార్లు మోగేది నీ ఫోను. ‘కృపా తిన్నావా, కృపా కక్కుకున్నావా’ అని. ఈ మద్దిన ఒక్కటీ మోగదేటి?”

“మోగుతాది. నువ్వు లేనప్పుడు మోగుతాది.”

“పొద్దుటేల నాను ఇక్కడే, సాయంత్రం నాను ఇక్కడే. ఎప్పుడు మోగుతాది? ఆఖరు సారి ఎప్పుడు సేసినాది?”

“గుర్తు లేదు. ఆవిడకేవో పనులు.”

“శుక్రవారం రైలెక్కి వత్తాదన్నావు. టిక్కెట్టు తీసిందా?”

“తీసే ఉంటాది.”

“ఉంటాదా? అడగలేదా?”

“అబ్బా, ఒగ్గెయ్ నేస్తం. నీరసంగా ఉంది.”

“సూసినావా? పెద్ద నేస్తమంట! నువ్వు సీటు కాసి పెట్టడమే గాని ఆవిడకి నీ ఊసే లేదు. పట్నం మనుషులు అంతే. సూదులు గుచ్చినంతసేపే సావాసం. ఫోనిటియ్యి.”

“ఎందుకు?”

“ఆవిణ్ణే అడుగుతాను. వత్తే వత్తానని సెప్పాల, లేకపోతే లేదనాల.”

“వద్దు. నేస్తం, వద్దు! ఫోనియ్యి ఇటు. నా మాటిను!”

“ఇదిగో, ‘నాగమణి గారు’. బొమ్మ కూడా ఎట్టుకున్నావు. సూడు సూడు, ఇద్దరూ ఒకే టోపీలు, ఒకే నవ్వులు. మోగుతంది. ఉండు, పెద్దగా ఎడతాను, నువ్వూ ఇందువు గాని.”

“ఆపెయ్యే, నీకు పున్నెముంటాది!”

“హలో? నాగమణి గారండీ? నానండీ, కృపావతి... సీ! దాని పేరు నా నోటంట పలికించేసినారు మీరు. నాను దాని నేస్తాన్నండీ, సోములమ్మని. మీరు మాటాడకండి, ముందు నా మాటినండి. మీకు మంచు కావాలంటే ఇంకో శనారం రండి, నానే సూపిత్తాను, నా భుజాల మీద మోసుకెల్తాను. ఈ ఒక్కపాలికి ఆ ముందు సీటు నాకు ఒగ్గేయండి. మీరు మూడు నెల్ల మనిషి. నాను ముప్పయ్యేళ్ళ మనిషిని. దానికి బాగోలేదు. ఒక్కపాలి దానితోటి నన్ను ఎల్లనియ్యండి. హలో? ఇంటన్నారా?”

“వింటున్నానండీ. నేను గాయత్రిని. వాళ్ళమ్మాయిని.”

“అమ్మకియ్యమ్మా.”

“అమ్మ పోయి తొమ్మిది రోజులైందండీ.”

“ఏటి?”

“జ్వరం వచ్చింది. రక్తంలో కౌంట్ బాగా పడిపోయింది. మూడు రోజులే ఉంది. కృప ఆంటీకి తెలుసు కదా? ఆ రోజే చెప్పాను. పెద్దకార్యం ఎల్లుండి. జనంలోకి రావద్దని చెప్పండి ఆంటీకి. అమ్మ కూడా... ఆంటీ జాగ్రత్తగా ఉండాలండీ. ఆంటీ ఉన్నారా పక్కన?”

“ఉన్నాది తల్లీ. ఉన్నాది. నాను... నన్ను సమించమ్మా. నా నోరు పడిపోను. ఎట్టేత్తాను తల్లీ.”

“ఇప్పుడియ్యి ఆ ఫోను.”

“నేస్తమా.”

“వద్దని సెప్పినాను కదే నీకు.”

“నీకు తొమ్మిది రోజుల నుంచి తెలుసా?”

“తెలుసు. ఆ గుంట ఫోను సేత్తే పెరట్లోకి ఎల్లి మాటాడినాను. తిరిగొచ్చి ఆయనకి అన్నం పెట్టినాను.”

“బావకి సెప్పలేదా?”

“లేదు.”

“మీ అత్తకి?”

“ఎవులికీ సెప్పలేదు. ఇద్దరిదీ ఒకే జబ్బు నేస్తం. ఒకే మందు. ఒకే రోజు మొదలెట్టినారు. మా కూతురు కీర్తి ఆవిణ్ణి సూసి, ‘ఆంటీ ఎలా నవ్వుతందో సూడమ్మా, నీకూ ఏటీ కాదు’ అనీది. ఇప్పుడు ఆవిడ పోయిందంటే ఆ గుంట నా మొకం ఎలా సూత్తాది? మా ఆయన రాతిరి లేసి నా ముక్కు కాడ సెయ్యెట్టి సూసుకుంటాడు. బండి కదలనిత్తారా? సలి వద్దు, దూరం వద్దు అని నా మీద దుప్పటి కప్పి తలుపేసేత్తారు.”

“ఏసినా తప్పేటే? భయం కదా ఆల్లకి.”

“భయమే. నాకు లేదా? తొమ్మిది రోజుల నుంచి నాకు నిద్రుందా? కానీ రెండు రోజులు కావాల నాకు. రెండంటే రెండు. ఆల్లు నన్ను మామూలు మనిషిని సూసినట్టు సూసే రెండు రోజులు. వచ్చినాక నానే సెప్తాను. శుక్రవారం రైలు తప్పిపోయిందంట అని సెప్దామనుకున్నాను.”

“నాకు సెప్పొచ్చు కదే! ఆ మనిషిని ఎన్నేసి మాటలన్నాను. నీ ఎదరే అన్నాను. ఎలా ఇన్నావే?”

“ఇన్నాను. బాగుంది నాకు.”

“బాగుందా?”

“నువ్వు తిడతంటే ఆవిడ ఉన్నట్టే ఉంది. ఇంకోటి సెప్పనా? ఈ ఊర్లో నాతోటి దెబ్బలాడే దానివి నువ్వొక్కదానివే మిగిలినావు. అందరూ నాతోటి మెల్లిగా మాటాడతన్నారు నేస్తం. మా అత్త కూడా. నీకు సెప్తే నువ్వూ మెల్లిగా మాటాడతావని సెప్పలేదు. నువ్వూ అలా అయిపోతే నాను బతకలేను.”

“నాకు మెల్లిగా మాటాడ్డం రాదు. మా అమ్మ నేర్పలేదు.”

“మరి ఏడుపెందుకు?”

“నాకింకా కుళ్ళుగానే ఉంది, అందుకు. నువ్వు తొమ్మిది రోజులు ఆవిడ కోసం ఒక్కదానివే ఏడిసినావు. నన్ను పిల్లేదు.”

“ఊరుకో. కాపీ బస్తా దించేసి ఆయనొత్తన్నాడు. కళ్ళు తుడుసుకో బేగి.”

“ముందు నువ్వు తుడుసుకో.”

“ఏటి, పొద్దున్నే దెబ్బలాటా? మీ గొంతులు కిందకి ఇనపడతన్నాయి. మరదలా, నీ కళ్ళేటి అలాగున్నాయి?”

“దెబ్బలాటే బావా. సీటు కోసం.”

“అదా! నాను దీనికి ముందే సెప్పినాను, నిన్ను ఒగ్గేసి ఎల్తే నాకు బాగోలేదని. ఇంతకీ నాగమణి గారు వత్తన్నారా, లేదా? ఎప్పుడడిగినా ఇది అటూ సెప్పదు, ఇటూ సెప్పదు. ఆవిడకి ఒంట్లో బాగోలేదేటి? రాకపోతే ఇప్పుడే సెప్పెయ్యండి. ఆ ముందు సీటులో నువ్వు కూకుందువు గాని మరదలా.”

“అంబలి సల్లారిపోతంది. తాగు ముందు.”

“సూసినావా, మాట మార్సేత్తంది. మరదలా, సెప్పు. వత్తాదా ఆవిడ?”

“వత్తాది బావా. ఇప్పుడే నాను ఫోనులో మాటాడినాను. బాగుంది, మంచి మనిషి. సలికని కొత్త స్వెట్టరు కూడా కొనుక్కుందంట. ఆ సీటులో ఇంకెవుల్నీ కూకోబెట్టకు.”