బూషైబ్ గన్నేరు నూనె

మొరాకోలో ఎసౌయిరా రేవులో వలలు బాగుచేసేవాళ్లం, పొద్దున్నే కాసింత రొట్టె తిని పుదీనా టీ తాగుదామని కూర్చుంటే క్షవరాలు చేసే బూషైబ్ ఊరుకోనిస్తాడా? ఆవేళ చేపలమ్మే రఖియా అక్క తన పిల్లి సర్దీనాని బుట్టలో పెట్టుకుని వచ్చింది. దానికి గజ్జి. వెన్నంతా బొచ్చు ఊడిపోయి, రక్తాలొచ్చేలా గోక్కుంటోంది. మొగుడు పోయాక ఆవిడకి ఇంట్లో తోడు అదొక్కటే. అది చూడగానే బూషైబ్ జేబులోంచి ఓ సీసా తీశాడు. ఇక చెప్పాలా!

"పోయినేడు నా చేతికి తామర పట్టిందా, గన్నేరాకు నూనెలో కాచి రాశా. మూడోనాటికి మాయం. మిగిలింది పారబొయ్యడమెందుకని పొరుగింటి గజ్జిపిల్లికి పట్టించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చచ్చిందా?" అన్నాను.

"నీ నోరు పడ, అల్లాల్ తమ్ముడూ! శుక్రవారం కుస్కుస్ తినడానికి కూర్చుని లేచేసరికి బొచ్చు నేల మీద జీరాడుతోంది! బక్రీదు రోజులు కదా, సంతలో బేరగాడొకడు పొట్టేలనుకుని దాని నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టాడు. అది మ్యావ్ అంది కాబట్టి సరిపోయింది, లేకపోతే కోసేసేవాళ్లే!"

"అబ్బబ్బ, కోతకైనా ఓ హద్దుండాలి అన్నా!"

"నీతో ఇదే తంటా, చెప్పనివ్వవు కదా! ఆ బొచ్చు కత్తిరించి మా ఆవిడ నాకు పొడుగాటి జలాబా అంగీ నేసింది. చలిగాలేస్తే అది ఇప్పటికీ గుర్రుగుర్రుమంటుంది. ఓనాడు అదేసుకుని రేవుకొస్తే, ఆ చప్పుడికి చేపలన్నీ హడలిపోయి అగాదీర్ దాకా పారిపోయాయి! ఆ వారమంతా మీ వలలు ఉత్తివే వచ్చాయి కదా, ఎవరివల్ల అనుకున్నారు?"

అందరం నవ్వాం. రఖియా అక్క మాత్రం నవ్వలేదు. ఆవిడ కళ్లు సీసా మీదే ఉన్నాయి.

"దీనికి హాని ఏమీ చెయ్యదు కదా అన్నా?"

"ఆకమ్మా, ఆకు! దేవుడు మొలిపించింది. మనిషికే పనిచేసింది, పిల్లి ఒక లెక్కా?" అంటూ మూత తీసి సర్దీనా వెన్ను మీదికి వంచబోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతసేపూ విన్నది చాలదా, ఇప్పుడు ఆ మూగజీవం ప్రాణం కూడా కావాలా! సీసా లాక్కుని నాలుగు చుక్కలు అతని మణికట్టు మీదే ఒంపాను.

"ఏదీ, నాలుకతో నాకి చూపించు."

"మతిపోయిందా నీకు?" అని చెయ్యి దూరంగా పెట్టుకుని అరిచాడు. "ఇది పైపూతకయ్యా! గన్నేరు కడుపులోకి పోతే మనిషే బతకడు!"

"మరి పిల్లి ఒళ్లు దేంతో కడుక్కుంటుంది, నీ కొట్లో సబ్బుతోనా?"

బుట్టలో సర్దీనా మెడ తిప్పి తన వెన్ను తనే నాక్కుంటోంది. బూషైబ్ దాన్ని చూశాడు, నూనె చేతిని చూసుకున్నాడు.

రఖియా అక్క బుట్ట చంకనెత్తుకుని, పశువుల డాక్టరు ఎన్నింటికొస్తాడని నన్నడిగింది. వెళ్లబోతూ బూషైబ్ ముందున్న రొట్టె పళ్లాన్ని కాస్త పక్కకి జరిపింది.

"ముందు చెయ్యి కడుక్కో అన్నా. తర్వాత తిందువుగాని."