హాజరు పట్టీలో పేరు

(కలకత్తా, గార్డెన్ రీచ్. ఊడ్పు పనివాళ్ల క్వార్టర్లలో ఒక గది. మధ్యాహ్నం. ఉదయశ్రీ ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చింది. ఇంట్లో ఆమె అత్త అప్పాయమ్మ, కూతురు సమీర ఉన్నారు.)

“వొంగకు, వొంగకు! జోళ్లు అక్కడే ఒగ్గీయ్ ఉదయా. నాను తీసి పెడతాను.”

“నువ్వా అత్తా? నా జోళ్లా?”

“అయితే ఏటి? కోడలి జోళ్లు తీస్తే నా సేతులు ఇరిగిపోతాయేటి? సమీరా, మీయమ్మకి కుర్సీ ఎయ్యి. కింద ఆ మెత్తటి దుప్పటి మడతపెట్టి ఎయ్యే.”

“రా అమ్మా. మెల్లిగా. బస్సులో సీటు దొరికిందా?”

“ఖిదిర్‌పూర్ దాకా నిలబడే వొచ్చాను. అక్కడెవరో దాదా లేచి ఇచ్చాడు. నా మొకం సూసి లేచుంటాడు.”

“చెయ్యి ఇలా ఇవ్వు. గట్టిగా పట్టుకోనులే.”

“నువ్వు పట్టుకుంటే నొప్పెయ్యదు సమీరా.”

“అదంతా తరవాత. డాక్టరమ్మ ఏటందీ?”

“నీల్లు తాగనీ అత్తా.”

“తాగు, తాగు. నానొద్దన్నానా? ... తాగావా? ఏటందీ?”

“ఎనిమిది రోజుల్నించీ సూస్తన్నాను. అన్నం కంచంలో ఎట్టి సేతికిస్తన్నావు. నా జాకెట్లు ఉతుకుతన్నావు. మూడేళ్లు నొప్పి, నొప్పి అని ఏడిస్తే ఏటన్నావో గేపకం ఉన్నాదా?”

“పాత మాటలెందుకే ఇప్పుడు?”

“నాటకాల రాణి అన్నావు.”

“మీకు పని పంచే సర్దారు సత్యారావు అన్నాడని నానూ అన్నాను. ఆడు రోజూ పనిలో సూసేవోడు కదా, ఆడికి తెలుస్తాదనుకున్నాను.”

“నాను తొంగున్నప్పుడు గిల్లావు.”

“నానా!”

“నువ్వే. నిజంగా నిద్దరోతే నొప్పి తెలీదు కదా అని తొడమీద గిల్లి సూసావు. నాను కెవ్వుమంటే, ‘సూసావేటి, దొంగ నిద్దర’ అని పక్కింటి మేరీరాణికి సెప్పి నవ్వావు. ఆ మచ్చ పది రోజులున్నాది.”

“మామ్మా! నిజంగానే గిల్లావా?”

“ఏదో... సూద్దామని. అప్పుడు తెలీదు కదే, లోపలింత పెద్ద రోగం ఉన్నాదని! తెలిస్తే గిల్లుతానేటి? పోయిన వారం ఇక్కడి డాక్టరు ‘పెద్దాసుపత్రికి పో, రక్తం సూపించు, బొమికలు సూపించు’ అని రాసిచ్చినప్పుడు కదా తెలిసింది.”

“తెలిసి ఎనిమిది రోజులే అయింది. అదే అంటన్నాను.”

“ఒదిలెయ్ అమ్మా. రిపోర్టులు చూసిందా?”

“సూసింది. రక్తం బాగుందట. బొమికలు బాగున్నాయట. అన్నీ బాగున్నాయన్నాది.”

“అన్నీ బాగుంటే ఇంక రోగమేటి?”

“పేరు సెప్పింది. మర్సిపోతానని బస్సులో అనుకుంటూనే వొచ్చాను. ఫైబ్రో... ఉండు. ఫైబ్రోమయాల్జియా.”

“ఓలమ్మో! ఓలమ్మో నా కోడలా!”

“ఎందుకేడుస్తావు అత్తా? ఇంకా ఏటీ సెప్పనేదు.”

“సిన్న రోగాలకి అంత పేరెడతారేటే! మీయమ్మ నారాయణమ్మకీ ఇలాగే నోరు తిరగని పేరు సెప్పారు. నాలుగు నెలలు గడవనేదు.”

“మా అమ్మది కిడ్నీ రోగం.”

“ఏదైతే ఏటి... నయమవుద్దన్నాదా?”

“అవదంది. బతికున్నంత కాలం ఉంటాదంది.”

“బతికున్నంత కాలం అంటే... ఎంత కాలమని సెప్పిందా?”

“ఏటత్తా?”

“అదేనే. నెలలా, ఏడాదా... తెలిస్తే మనమూ... నీకేటి తినాలనుంటే అది వొండి పెడతాం కదా.”

“మామ్మా, ఊరుకో! అమ్మా, నువ్వు చెప్పు. ఆవిడ నిన్ను సరిగ్గా చూసిందా? మిగతా డాక్టర్లలాగా దూరం నుంచే చీటీ రాసివ్వలేదు కదా?”

“సూసింది సమీరా. మెడ ఎనక, బుజాలు, మోచేతులు, మోకాళ్లు, అన్నీ ఏలితో నొక్కి సూసింది. నొక్కినచోటల్లా పేణం పోయింది. అప్పుడు అడిగింది. దుప్పటి తగిలినా నొప్పేస్తాదా? దువ్వెన తగిలినా? రాత్రంతా తొంగున్నా, బస్తాలు మోసినట్టు లేస్తావా? పనిలో ఏటి సేస్తన్నావో మర్సిపోతావా? నాను సెప్పకముందే ఆవిడే అడిగింది! ఊడ్సిన సందే మల్లీ ఊడ్సినానని సత్యారావు అందరిలో నవ్వాడే, అది కూడా రోగమేనట. నా బుర్ర పోలేదట. ఆ బల్ల మీదే ఏడ్సేసాను.”

“నేను నమ్మలేదా అమ్మా?”

“నువ్వు నమ్మావు తల్లీ. నువ్వొక్కదానివే. పొద్దున్న అయిదున్నర హాజరుకి నా ఏల్లు ముడుసుకునేవి కాదు. ఏన్నీల్లలో పెట్టి, ఒక్కొక్క ఏలూ సాగదీసి, సీపురు పట్టించి పంపేదానివి. ఒక్కరోజు కూడా మానలేదు.”

“నువ్వు మానకూడదు కదా మరి.”

“మానలేదు. జొరమొచ్చినా మానలేదు. సేపల బజారు ఊడ్సినరోజు బండి తోస్తా తోస్తా అలాగే కూలబడిపోయాను, నీకు సెప్పలేదు. ఆ బురదలోనే. ఎవులో తాగిందనుకుని బూతులు తిట్టి దాటుకుని పోయారు.”

“ఎప్పుడమ్మా?”

“మొన్న వానల్లో. అది సరే. డాక్టరమ్మ ఉత్తరమొకటి రాసిచ్చింది. వొంగే పని, బండి తోసే పని వొద్దు, కూకునే పని ఇమ్మని. బస్సు దిగి తిన్నగా ఆఫీసుకెల్లి సత్యారావు సేతిలో పెట్టాను.”

“ఏటన్నాడు?”

“‘ఊడ్సేదానికి కూకునే పనేటే? నువ్వు కూకుంటే రోడ్డే నీ కాడికొచ్చి ఊడ్పించుకుంటాదా?’ అన్నాడు. ఆఫీసులో అందరూ నవ్వారు. తెలుగు రాని బెంగాలీ బాబు కూడా నవ్వాడు. మల్లీ అన్నాడు కదా, సెయ్యలేకపోతే అన్‌ఫిట్ అని రాసిచ్చీసి ఇంటికి పొమ్మన్నాడు.”

“రాసిచ్చీసావా?”

“నేదు. రేపు పోయి—”

“వొద్దు! సంతకం పెట్టకు!”

“ఏటత్తా అంత గట్టిగా? సెవులదిరిపోయాయి.”

“పెట్టకు. నా మాటిను. పేరు పట్టీలోనే ఉండాల. సెలవెట్టు. జీతం కోసేస్తే కోసేసుకోనీ. ఇంట్లో తొంగో. ఒల్లు తుడుస్తాం, ముద్దలు కలిపి నోట్లో పెడతాం, నానూ సమీరా. పేరు మాత్తరం తీయించకు.”

“పని సెయ్యలేనిదాని పేరెందుకు అక్కడ?”

“ఉండాలంతే.”

“ఎందుకని అడుగుతన్నాను.”

“గది పోతాదే! ఈ గది ఆఫీసోళ్లిచ్చింది కదా!”

“కొన్నాళ్లు ఉండనిస్తారు. ఈలోగా సమీర ఏదో పని సూసుకుంటాది. బి.ఏ. సదివిన పిల్ల.”

“మూడేళ్లుగా సూస్తానే ఉన్నాది. దొరికిందేటి?”

“దొరుకుతాది. దొరకదా సమీరా?”

“దొరకలేదు కదమ్మా ఇప్పటిదాకా. మొబైల్ షాపువాడు కూడా పండగ అయ్యాక ఇంక రావద్దన్నాడు.”

“ఇంకోటి దొరుకుతాది. దాని సేతికి సీపురు రాకూడదనే కదా నాను ఇంతకాలం పట్టింది! అత్తా, నువ్వు ఇటు సూడు. పేరు ఎందుకుండాలో నాను సెప్పనా?”

“నీకేటి తెలుసు?”

“పొద్దున్న రిపోర్టుల కవరు పెట్టిలోంచి తీసిచ్చింది ఎవులు?”

“నానే.”

“నీకు కళ్లు ఆనవు. ఒకటనుకుని రెండు కవర్లు ఇచ్చావు. డాక్టరమ్మ రెండోది కూడా ఇప్పింది. సదివింది. మల్లీ మొదట్నించీ సదివింది. ‘ఇదేటి దీదీ?’ అనడిగింది. నాకు ఇంగ్లీసు రాదు కదా. ఆవిడే బెంగాలీలో సెప్పింది.”

“ఏ కవరు? నాకే కవరూ తెలీదు.”

“డ్యూటీలో ఉండగా సచ్చిపోయిన మనిషి ఉద్యోగం, ఆ మనిషి కూతురికి ఇమ్మని దరకాస్తు. సచ్చిపోయిన మనిషి పేరు ఉదయశ్రీ. ఏ తారీకున సచ్చిందో అక్కడ మాత్తరం ఖాళీ ఒగ్గేసారు.”

“అమ్మా...”

“నువ్వాగు సమీరా. ఇటు సూసి సెప్పత్తా, ఏటది?”

“సత్యారావే రాసుంచమన్నాడు. కాయితం ముందే ఉంటే, తరవాత బేగి అవుతాదని... ఆ టయానికి మనం ఏడుపుల్లో ఉంటాం కదా, పరుగులెట్టలేమని...”

“నాను బతికున్నాను అత్తా.”

“నువ్వు బతికున్నావని నాకు తెలీదేటే! ఈ ఇంటికి ఉద్యోగం ఎప్పుడెప్పుడు వొచ్చిందో నువ్వే సెప్పు. నా మొగుడు మురుక్కాలవలో దిగి సచ్చాడు, నాకొచ్చింది. మీయమ్మ సచ్చింది, నీకొచ్చింది. బతికుండగా ఎవులైనా పిలిచి ఇచ్చారేటి? నా కొడుకు, నీ మొగుడు, ఓడల డాకులో బస్తా కింద పడి సచ్చాడు. రోజు కూలి. ఏటొచ్చింది? డాకోళ్లు తెచ్చిన పూలదండ. ఉత్తినే పోయాడు నా కొడుకు! నువ్వూ అలాగే ఉత్తినే పోతావేటి?”

“ఉత్తినే.”

“కాదేటి మరి? ఎలాగూ పోయేదానివి. అన్‌ఫిట్ అని రాసిచ్చీసి పోతే ఎవులికి లాబం? పట్టీలో పేరుండగా పోతే నీ కూతురు ఈ గదిలో ఉంటాది. నాకు నీమీద కోపమేటే? నీ కూతురి కోసమే కదా సేసాను.”

“మామ్మా, చాలు. ఆపు.”

“ఏడవకు సమీరా. నీకు తెలీకూడదనే ఇప్పటిదాకా కడుపులో పెట్టుకున్నాను. బస్సులో కూకుని అనుకున్నాను, ముసల్దానికి పెద్దతనం, ఏదో సేసింది, పిల్లకి మాత్తరం తెలీనివ్వకూడదని. నోరు జారిపోయింది.”

“నేనేం ఏడవట్లేదమ్మా. మందులేం రాసింది? ఎప్పుడెప్పుడు వేసుకోవాలి?”

“రాత్రికొకటి. నిద్దర కోసం. ఉండు, మొత్తం ఇనండి ఇద్దరూ. కాయితం సదివాక డాక్టరమ్మ లేచొచ్చి నా పక్కన కూకుంది. ఏటందో తెలుసా? ‘ఈ రోగంతో ఎవులూ సచ్చిపోరు దీదీ’ అంది.”

“సచ్చిపోరా?”

“సచ్చిపోరు. నొప్పుంటాది. కొన్ని రోజులు తగ్గుతాది, కొన్ని రోజులు పెరుగుతాది. కానీ మనిషిని సంపదు. లోపల ఏదీ కుళ్లిపోలేదు. మందేసుకుని, రోజూ కాసింత నడిచి, బరువు పని మానేస్తే ఎనబయ్యేళ్లు బతుకుతావంది.”

“ఒక్కరు కూడా సావరా?”

“ఒక్కరు కూడా.”

“ఆ డాక్టరమ్మ కుర్రదేటి?”

“ముప్పయ్యేళ్లుంటాయి.”

“అదీ సంగతి. కుర్రోళ్లకి ఏటి తెలుస్తాది! ఇంకోళ్లకి సూపిద్దాం. పెద్ద డాక్టరు ఎవులైనా—”

“ఎవులికి సూపించినా అంతే. గోడమీద బొమ్మ కూడా సూపించింది. నాకిప్పుడు నలబైమూడు అత్తా.”

“తెలుసు. నాకు లెక్కలు సెప్పకు... అయితే మూడేళ్లూ ఏ రోగమూ నేదన్నమాట.”

“రోగం ఉన్నాది. పేరు సెప్పాను కదా.”

“సంపని రోగం కూడా ఒక రోగమేటి! నాకు లేవా నొప్పులు? నాను ఊడ్సినాను ముప్పయ్యేళ్లు, ఎవులికైనా సెప్పానేటి? ఎనిమిది రోజులు నీ జాకెట్లు ఉతికించుకున్నావు నా సేత! లే.”

“ఏటి?”

“కుర్సీలోంచి లెగు. నా నడుం లాగేస్తన్నాది.”

“లేస్తాను. సమీరా, కాస్త సెయ్యందియ్యి... సమీరా?”

“ఆఁ.”

“ఏటలా సూస్తన్నావు? బయపడిపోయావు కదూ ఈ ఎనిమిది రోజులూ? నాకు తెలుసు. నాను తొంగున్నాననుకుని రాత్రుళ్లు లేచి నా ముక్కు కాడ సెయ్యి పెట్టి సూసేదానివి. ఊపిరి ఆడతన్నాదా లేదా అని.”

“చూశావా నువ్వు?”

“సూసాను. కళ్లు మూసుకునే ఉన్నాను. పిచ్చి తల్లీ, ఇంక అలా సూడక్కర్నేదు. నీకోసమే బతుకుతాను. ఇద్దరం వేరే గది తీసుకుందాం, మామ్మని కూడా తీసుకుపోదాం, ఎక్కడికి పోతాది పాపం. నవ్వవేటి?”

“నవ్వుతున్నాను కదా.”

“మరి సెయ్యి వొదిలేసావేటి?”

“అమ్మా.”

“సెప్పు తల్లీ.”

“మరైతే నాకు ఉద్యోగం ఎప్పుడొస్తుందమ్మా?”